హమ్రియా కాకా కాగితాలు

మస్కట్ ఆసుపత్రిలో నాకు మొదట వేసిన డ్యూటీ డ్రెస్సింగ్ రూములో. గుంటూరు వైపు ఒక మిషను ఆసుపత్రిలో నర్సింగు చదువుకుని, డెబ్బైల నడుమ ఒమన్ వచ్చాను. పొద్దున్నే బల్లల నిండా మనుషులు కూర్చుని ఉండేవారు. సైట్‌లో మేకు దిగినవాళ్ళు, వేడి తారు పడి కాళ్ళు బొబ్బలెక్కినవాళ్ళు. వాళ్ళ మధ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు కలాలు పెట్టుకుని ఒక పెద్దాయన వచ్చేవాడు. కుడి పాదం కింద మానని పుండు. షుగరు జబ్బు. బొంబాయి మనిషి, ఒక సరుకుల కంపెనీలో అకౌంట్స్ గుమాస్తా.

"కుర్చీలో కూర్చునే ఉద్యోగం కదా మీది, పాదానికి ఇంత దుమ్ము ఎక్కడిది?" అని నేను నాకొచ్చిన హిందీలో కోప్పడేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. డ్యూటీ అయ్యాక మత్రా బజారులోని పాత గోదాములన్నీ కాలినడకన తిరుగుతాడని, పాత కాగితాలు వెతుకుతాడని నాకప్పటికి తెలియదు.

ఒకరోజు నేను గాజుగుడ్డ విప్పుతుంటే ఆయన ఏదో చిన్న పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. పక్కన కూర్చున్న ఒమనీ ముసలాయన తొంగి చూసి, ఇది అరబ్బీ కాదే, ఏ భాష అని అడిగాడు. ఈయన పుస్తకం గబుక్కున సంచిలో పెట్టేసి, మరాఠీ అన్నాడు. అది మరాఠీ కాదని నాకు తెలిసిపోయింది. చిన్నప్పుడు మా సండే స్కూల్లో అతి పొడుగు కీర్తన కంఠతా పట్టించారు. దాంట్లో ప్రతి భాగానికీ ఒక హీబ్రూ అక్షరం పేరు ఉంటుంది. మా దొరసాని ఆ అక్షరాలను నల్లబల్ల మీద రాసి చూపించేది. ఆ చదరపు అక్షరాలు మరిచిపోయేవి కావు.

కట్టు బిగిస్తూ మెల్లగా, "ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్" అన్నాను.

ఆయన పాదం నా చేతుల్లో బిగుసుకుపోయింది. "ఎవరు నేర్పారు నీకు?"

"సండే స్కూల్లోనండి. తప్పు లేకుండా అప్పజెబితే సబ్బుపెట్టె బహుమతి ఇచ్చారు."

సబ్బుపెట్టె మాట వినగానే ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. పోయేముందు మాత్రం, "సిస్టర్, ఈ మాట మనిద్దరి మధ్యే ఉండనీ" అని బతిమాలినట్టు అన్నాడు. నేనలాగే ఉంచాను.

ఆయన యూదుడు. కొంకణం తీరంలో తరతరాలుగా గానుగ ఆడించి నూనె తీసిన కుటుంబం. శనివారం గానుగ కట్టేవాళ్ళు కాదు కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాళ్ళని శనివారం గానుగవాళ్ళు అనేవారట. ఇంట్లో మరాఠీ. ఇంటిపేరు కూడా ఊరి పేరే కావడంతో, ఒమన్‌లో అందరూ ఆయన్ని మరాఠీ హిందువే అనుకునేవారు. ఆయన కాదనేవాడు కాదు. భార్య పోయింది. కొడుకూ కూతురూ తక్కిన చుట్టాలతోపాటు ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. అరబ్బు దేశానికి ఇజ్రాయెల్ టపా రాదు గనక, వాళ్ళ ఉత్తరాలు బొంబాయికి చేరి, అక్కడ వేరే కవరులోకి మారి ఇక్కడికి వచ్చేవి. "అందరూ వెళ్ళిపోతూ మంచాలు అమ్ముకున్నారు, గిన్నెలు అమ్ముకున్నారు. కాగితాలు మాత్రం చెత్తలో వేశారు. నేను ఆ చెత్త ఏరుకోవడానికి ఉండిపోయాను" అనేవాడు.

శుక్రవారాలు డ్రెస్సింగ్ రూము మూసి ఉండేది. ఆ పుండుకు ఒక్కరోజు కట్టు మార్చకపోయినా చీము పట్టేది. అందుకని శుక్రవారం మా క్రైస్తవుల ప్రార్థన అయ్యాక, నా రూమ్‌మేట్‌ను తోడు తీసుకుని, హమ్రియాలో ఆయన ఉండే వరసకు వెళ్ళి కట్టు కట్టేదాన్ని. చవక గదుల వరస అది. పక్క గదిలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కూలీలు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకతను ఆయనకు నీళ్ళు పట్టి పెట్టేవాడు, రొట్టెలు తెచ్చి ఇచ్చేవాడు. ఆయన్ని కాకా అని మొదట పిలిచింది అతనే.

"మా దిక్కు చిన్నాయనను కాకా అనే అంటమక్కా. ఈయన భాషల గూడ అంతేనంట" అన్నాడు. మా వైపు కాకా పట్టడమంటే వేరే అర్థం. మొదట్లో నోరు తిరగక ఇబ్బంది పడినా నాకూ కాకా అనే అలవాటైంది.

గదిలో మంచం, స్టవ్వు, గోడ పొడుగునా ట్రంకుపెట్టెలు. అంతే. పెట్టె మూత తీస్తే పాత కాగితం వాసన, దానితోపాటు వేపాకు వాసన. పెద్ద గ్రంథాలుంటాయనుకున్నాను. అవి లేవు. పెళ్ళిపాటల చిన్న పుస్తకాలు, వాళ్ళ బడి వార్షిక నివేదికలు, సమాధుల సంఘం నిబంధనలు, ఉపవాసం విడిచాక ఏం వండాలో ఆడవాళ్ళకు చెప్పే కరపత్రం, ప్రార్థన మందిరంలో ముందు వరస కుర్చీ ఎవరిదని రెండు వర్గాలు ఒకరినొకరు తిట్టుకుంటూ అచ్చేసిన కరపత్రాలు. సగానికి పైగా మరాఠీ. కొన్ని హీబ్రూ. కొన్నింటిలో అక్షరాలు హీబ్రూవి, భాష మాత్రం అరబ్బీ. బాగ్దాదు నుంచి వచ్చిన యూదులు అలా రాసుకునేవారట.

"దేవుడి పుస్తకాలు ఎక్కడైనా దొరుకుతాయి బేటీ. లోకమంతా దాచిపెడుతుంది. మా వాళ్ళు ఏం తిన్నారు, ఎందుకు కొట్టుకున్నారు, ఏ పాటకు ఏడ్చారు, ఇవి ఎవరు దాస్తారు?" అన్నాడు కాకా, కుర్చీ తగాదా కరపత్రం నా చేతికిస్తూ. "ఇందులో మా తాతను గాడిద అన్నారు. చూడు, ఎంత బాగా అచ్చేశారో."

ప్రతి పుస్తకానికీ సన్నటి చీటీ కట్టి, అది ఎవరింట్లో దొరికింది, ఏ ఊరిది, ఎవరి చేతిరాత ఉంది అని మరాఠీలో రాసి పెట్టేవాడు. నేను పురుగు తిన్న అంచులకు పల్చటి కాగితం అతికించేదాన్ని. దూదితో బూజు తుడిచేదాన్ని. ఆయన కొబ్బరికోరు, చక్కెర కలిపిన తీపి అటుకులు పెట్టేవాడు. అది వాళ్ళు మొక్కు తీర్చుకున్నప్పుడు చేసే వంటకమట. గిన్నె పక్కనే కాగితాలు ఉండకూడదు. చెయ్యి కడిగి, తుడిచి, ఆరబెట్టుకుంటేగానీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆపరేషన్ థియేటర్లో కూడా నన్నెవరూ అంత గద్దించలేదు.

ఒమన్‌కు ఆయన ఊరికే రాలేదని అక్కడే తెలిసింది. తాతల కాలంలో బాగ్దాదులో బాధలు పడలేక కొంత మంది యూదులు మస్కట్‌కు పారిపోయి వచ్చారట. వెండిపని చేశారు, వడ్డీ వ్యాపారం చేశారు, తరవాత ఒక్కొక్కరే బొంబాయి దారి పట్టారు. ఇప్పుడొక్కరూ లేరు. బొంబాయిలో అచ్చయిన పుస్తకాలు ఆ రోజుల్లో పడవల్లో ఇక్కడికి వచ్చేవి గనక, ఎక్కడో ఒకచోట మిగిలి ఉంటాయని ఆయన నమ్మకం. అప్పుడు మత్రాలో రోడ్డు వెడల్పు చేస్తూ పాత ఇళ్ళు పడగొడుతున్నారు. ఆ పడగొట్టే పనిలోనే మా కరీంనగర్ తమ్ముడు కూలీ.

ఒక శుక్రవారం మేం వెళ్ళేసరికి అతను ఒళ్ళంతా సున్నంతో, గోనెసంచి చుట్టిన మూట ఒకటి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"కాకా, గోడల గూడు ఉండె. పలుగు ఏసినంక ఇది కింద పడ్డది. ఫోర్‌మన్ పారేయమన్నడు. నీ అక్షరాల లెక్కనే కొడుతున్నయని తెచ్చిన."

కాకా మూట విప్పాడు. చెదలు సగం మింగిన ఒక ప్రార్థన పుస్తకం, పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలక పుస్తకం ఒకటి. రెండూ బొంబాయి అచ్చే. పలక పుస్తకం మార్జిన్‌లో ఎవరో పిల్లాడు పడవ బొమ్మ గీశాడు. ప్రార్థన పుస్తకం అట్ట లోపల ఇంటి యజమాని తన పిల్లలు పుట్టిన సంగతి, ఆ ఏడు ఖర్జూరం పంట పాడైన సంగతి రాసుకున్నాడు. కింద ఊరి పేరు మస్కట్. కాకా దాన్ని వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. తరవాత లేచి తమ్ముణ్ణి సున్నంతోనే కావలించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా పాడైపోయింది. ఆ ఏడాదంతటిలో ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూసింది ఆ ఒక్కరోజే.

మాకు శుక్రవారం ప్రార్థన కూడిక ఉండేది. కోస్తా జిల్లాల నర్సులం, కొంతమంది ఆసుపత్రి ఉద్యోగులం, వాళ్ళ కుటుంబాలు. కూడికకు పెద్ద, మా ఆసుపత్రి ల్యాబు టెక్నీషియన్. ఏలూరు దగ్గరివాడు. మంచివాడు. ఇది ఇప్పటికీ కాదనలేను. ఎవరికి జబ్బు చేసినా రక్తం ఇవ్వడానికి మొదట చొక్కా చెయ్యి మడిచేది ఆయనే. అందరం అన్నయ్య అనేవాళ్ళం. కాకా బొటనవేలు కుళ్ళి, తీసేయడానికి వార్డులో చేర్చినప్పుడు, రక్తం తీసుకోవడానికి అన్నయ్యే వచ్చాడు. తలగడ పక్కన ఉన్న పుస్తకం చూశాడు. అంతే. సూది చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"చెల్లెమ్మా, ఈయన ఆ జనమా? దేవుడు ఎన్నుకున్న జనమా?" అని నన్ను వరండాలోకి లాక్కొచ్చి అడిగాడు. "మన మధ్య ఇన్నాళ్ళున్నా నువ్వు ఒక్కమాట చెప్పలేదే!"

"ఆయనకు చెప్పుకోవడం ఇష్టం లేదన్నయ్యా. మీరూ బయటపెట్టొద్దు."

బయట పెట్టలేదు, కూడికలో పెట్టాడు. ఆ సాయంత్రం నుంచి వార్డుకు జనం. ఆపిల్ పళ్ళు, ద్రాక్షపళ్ళు, బాదం పప్పు. షుగరు మనిషికి ఒకావిడ హల్వా తెచ్చింది. పిల్లల్ని తెచ్చి ఆయన చెయ్యి వాళ్ళ తల మీద పెట్టించుకున్నారు. ఒకావిడ మంచం దగ్గర మోకరించి ఆయన దుప్పటి అంచు కళ్ళకద్దుకుంది. కాకా బెదిరిపోయి నావైపు చూసేవాడు. "నన్ను చూడటానికి వస్తున్నారా, జూ చూడటానికి వస్తున్నారా?" అని ఒకసారి అడిగాడు. పుండు ఎలా ఉందని, పిల్లలు ఎక్కడున్నారని అడిగినవాళ్ళు తక్కువ.

కాస్త కోలుకున్నాక కూడికకు రమ్మని పట్టుబట్టారు. మొహమాటానికి ఒప్పుకున్నాడు. కర్ర పట్టుకుని వచ్చాడు. మొదటి వరసలో కుర్చీ వేసి, మెడలో పూలదండ వేశారు. బైబిలు మూల భాషలో ఏదైనా చదవమన్నారు. ఆయన సంచిలో ఆ రోజు ఉన్నది ఒకే కాగితం. చీటీ కట్టడానికి తెచ్చుకున్న పాత పత్రిక పుట. అదే తీసి గంభీరంగా చదివాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆసుపత్రి అరబ్బీ కాస్త వచ్చినదాన్ని కనక, మధ్యలో లహమ్ అనే మాట నాకు తగిలింది. లహమ్ అంటే మాంసం. మళ్ళీ తగిలింది. నేను కళ్ళు తెరిచాను.

చదవడం అయ్యాక హాలంతా ఆమెన్ అంది. కాకా కాగితం మడిచి హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "ఇది మాంసం కొట్టు ప్రకటన. కొట్టు వేరే వీధికి మారిందని, తన మాంసం శుద్ధం కాదని ప్రచారం చేసేవాళ్ళు అబద్ధాలకోరులని కసాయి రాయించాడు. మా కులంలో కసాయివాళ్ళకు కోపం ఎక్కువ."

ఎవరూ నవ్వలేదు. అన్నయ్య లేచి దాన్ని తెలుగులో చెబుతూ, మాంసం అంటే బలి అని, కొట్టు మారడమంటే పాత నిబంధన పోయి కొత్తది రావడమని వివరించాడు. మళ్ళీ ఆమెన్. వెళ్ళేటప్పుడు ఆ కాగితం కోసం చెయ్యి చాచాడు. కాకా ఇవ్వలేదు.

"మీరు కూడా దేవుని కుమారుణ్ణి ఎప్పుడు అంగీకరిస్తారు?" అని అన్నయ్య గుమ్మం దగ్గర అడిగాడు. ఆ గొంతులో నిజంగా ప్రేమ ఉంది.

"బాబూ, నాకున్నదే మోయలేకుండా ఉన్నాను" అన్నాడు కాకా. ఆ తరవాత మళ్ళీ కూడికకు రాలేదు.

ఆ ఎండాకాలం నాకు ఇంటికి సెలవు దొరికింది. కాకా పాదం మళ్ళీ నల్లబడుతోంది. వెళ్ళేముందు ఆయన ట్రంకుల మీద చెయ్యి వేసి, "నాకేమైనా అయితే ఇవి బొంబాయిలో మా ప్రార్థన మందిరానికి చేర్చు. అన్నీ ఒక్కచోటే ఉండాలి. విడిపోతే వీటికి అర్థం లేదు" అన్నాడు. నేను అన్నయ్యకు చెప్పాను. కరీంనగర్ తమ్ముడికీ చెప్పాను. "ట్రంకులు కదపకండి అన్నయ్యా, నేనొచ్చాక పంపిద్దాం" అంటే, అన్నయ్య నా తల మీద చెయ్యి పెట్టి, "నిశ్చింతగా వెళ్ళిరామ్మా" అన్నాడు.

తిరిగొచ్చేసరికి కాకా లేడు. కాలు మోకాలి దాకా తీసేశారట. తరవాత జ్వరం తగ్గలేదట. అన్నయ్య రెండుసార్లు రక్తం ఇచ్చాడు. పక్కన కూర్చుని గంజి తాగించాడు. ఇదంతా వార్డు సిస్టర్లు చెప్పారు. నేను కూర్చోవలసిన చోట ఆయన కూర్చున్నాడు. దానికి ఋణపడి ఉన్నాననే అనుకుంటూ హమ్రియా వెళ్ళాను. గదికి కొత్త తాళం. కిటికీలోంచి చూస్తే మలబారు కుర్రాళ్ళ మంచాలు కనిపించాయి. కరీంనగర్ తమ్ముడు నన్ను చూసి తల వంచుకున్నాడు.

"కంపెనీ వాళ్ళు రూమ్ ఖాళీ చెయ్యాలన్నరు. మీ పెద్దమనిషి వచ్చి, మా మతం మనిషి, సామాన్లు మేం తీస్కపోతమన్నడు. అర్బాబు, ఆ కంపెనీ ఓనరు, ఖలాస్, తీస్కపొమ్మన్నడు. నేను అడ్డం పడ్డనక్కా. నీకేం తెల్సు, అవి దేవుని కాగితాలు అన్నరు. నేను మోసుకొచ్చినయి గూడ ఉన్నయి గదా అందుల, నన్ను అడుగరా?"

అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో గోడకు అద్దం బిగించిన ఫ్రేములో కసాయి ప్రకటన. దానికి ప్లాస్టిక్ పూలదండ.

"ట్రంకులేవి అన్నయ్యా?"

"కూర్చోమ్మా. ముందు టీ తాగు."

"ట్రంకులేవి?"

ఆయన టీ కప్పు నా ముందుకు జరిపాడు. "నువ్వు చెప్పిన మాట గుర్తుంది. కానీ సంఘమంతా ప్రార్థన చేసింది. అంత పరిశుద్ధ భాష పెట్టెల్లో బూజు పట్టడం ఎందుకు, తలా ఒక ఆకు తీసుకుంటే ప్రతి ఇల్లూ ఆశీర్వాదం పొందుతుందని పెద్దలకు అనిపించింది. అందరికీ పంచాం. కంటనీరు పెట్టుకుని తీసుకున్నారు."

"పంచారా? చించి?"

"విడదీసి."

"మరాఠీవో? అవే కదా ఎక్కువ."

"అవి ఆ భాష కాదు కదమ్మా. నాగరి లిపి. మనకెందుకవి? కొట్టువాడు అడిగితే ఇచ్చేశాం."

పెళ్ళిపాటలు, బడి నివేదికలు, తాతను గాడిద అన్న కరపత్రం. ఆయన జీవితమంతా ఏరుకున్నవి. రూవీ పేటలో మేం సరుకులు కొనే ఆ కొట్టువాడు వాటిలో శనగలు పొట్లాలు కట్టి అమ్ముతున్నాడు. నేను ఫ్రేము వైపు చూపించి, "అది మాంసం కొట్టు ప్రకటన. ఆయన మీకు చెప్పాడు" అన్నాను.

"ఏం రాసి ఉంటే ఏమమ్మా, అక్షరం దేవుడిదే కదా" అన్నాడు అన్నయ్య. కోపంగా కాదు. జాలిగా. నాకు అర్థం కాలేదని జాలి.

అప్పుడే ఇంకో మాట కూడా చెప్పాడు. చివరి గంటలో కాకా ప్రభువును అంగీకరించాడట. అన్నయ్య చెవిలో ప్రార్థన చెబితే తల ఊపాడట. అందుకే క్రైస్తవుల సమాధుల స్థలంలో పాతిపెట్టి శిలువ నాటారు. ఆ రోజు ఆయనకు జ్వరం ఎంత ఉందో, మనిషికి స్పృహ ఉందో లేదో నేను వార్డులో అడిగి తెలుసుకున్నాను. ముందురోజు నుంచీ తెలివి లేదని డ్యూటీలో ఉన్న సిస్టర్ చెప్పింది. అన్నయ్య అబద్ధం ఆడాడని నేననను. ఆయన తల ఊగడం చూశాడు. చూడాలనుకున్నది చూశాడు.

ఆ నెలంతా సాయంత్రాలు నా డ్యూటీ అవగానే కాగితాల కోసం ఇల్లిల్లూ తిరిగాను. కొందరు మొహం మాడ్చుకుని ఇచ్చారు. కొందరు, "ఇచ్చిన ఆశీర్వాదం తిరిగి అడుగుతారా?" అని తలుపు వేశారు. ఒకామె పసిపిల్ల తలగడలో పెట్టి కుట్టేసింది. విప్పి చూస్తే చెమటకు, చొంగకు సిరా అంతా కారిపోయి ఉంది. పాత స్నేహితురాలొకామె బర్కా హెల్త్ సెంటర్‌లో పనిచేసేది. ఆమెకు ఒక ఆకు చేరిందని విని, ఖర్జూరపు తోటల పక్కగా పికప్ బండిలో బర్కా వెళ్ళాను. ఆమెకు పిల్లలు లేరు. ఆ ఆకును తాయెత్తులా చుట్టి నడుముకు కట్టుకుంది. ఎత్తి చూపించింది. చుట్ట అంచున చిన్న పడవ తెరచాప కనిపించింది. మత్రా గోడలో దొరికిన పలక పుస్తకంలోది.

"ఇది కూడా తీసుకుంటావా అక్కా?" అంది, నడుము చేత్తో మూసుకుని.

టీ తాగి తిరిగొచ్చేశాను.

కరీంనగర్ తమ్ముడు రూవీ కొట్టువాడితో పోట్లాడి, మిగిలిన మరాఠీ పుస్తకాలు ఒక చిన్న కట్ట తెచ్చాడు. చీటీలన్నీ ఊడిపోయాయి. ఏది ఎవరింటిదో, ఏది ఏ ఊరిదో చెప్పగలిగిన మనిషి మట్టిలో ఉన్నాడు. అట్టలు లేనివి, మధ్య పుటలు లేనివి. నేను వాటిని వరుసలో పెట్టాలని కూర్చునేదాన్ని. నాకు మరాఠీ రాదు.

సమాధి చూడటానికి ఇద్దరం వెళ్ళాం. కొండరాళ్ళ మధ్య ఇసుక నేల. చెక్క శిలువ మీద మా వాళ్ళు పెట్టిన కొత్త పేరు, బాప్తిస్మం పేరు, తెల్ల రంగుతో రాసి ఉంది. ఆయన పేరు లేదు. తమ్ముడు చాలాసేపు దాన్నే చూశాడు.

"పేరు గూడ మార్చిన్రా? తీసేద్దామక్కా. బతికున్నప్పుడు ఒప్పుకోనోడు సచ్చినంక ఒప్పుకుంటడా?"

నేను పుట్టినప్పటి నుంచి ఆ గుర్తు కింద పెరిగినదాన్ని. అయినా ఇద్దరం పట్టుకుని ఊపాం. సిమెంటు వెయ్యలేదు కనక వచ్చేసింది. దాన్ని పారేయలేదు. గోడ వారగా, నేల తగలకుండా రాయి మీద ఆనించి పెట్టాం. ఇసుక చదును చేసి, చుట్టూ రాళ్ళు పేర్చి వచ్చేశాం. చేసింది మేమేనని నేనే కూడికలో చెప్పాను. ఆ రోజు నుంచి నాకు అక్కడ ఎవరూ వందనాలు చెప్పలేదు. మరో వారానికి శిలువ మళ్ళీ నాటారు. ఈసారి సిమెంటు వేసి.

బొంబాయి చిరునామా కంపెనీలో దొరికింది. కాకా పిల్లలకు కబురు చేశాను. చాలాకాలానికి కూతురు ఇంగ్లీషులో జవాబు రాసింది. నాన్న ఆఖరి మాటలు ఏమిటి, ఎవరైనా తమ ప్రార్థన చదివారా అని అడిగింది. కాగితాల గురించి ఒక్క వాక్యమే: ఇక్కడ చోటు లేదు, మీకు తోచినట్టు చెయ్యండి.

తరవాతి సెలవుకు విమానం బొంబాయిలో దిగినప్పుడు ఆ కట్ట తీసుకుని వాళ్ళ ప్రార్థన మందిరానికి వెళ్ళాను. పాత వీధి, నీలం రంగు తలుపులు. చూసుకునే ముసలాయన ఒక్కడే ఉన్నాడు. కాకా పేరు చెబితే గుర్తుపట్టాడు. "ఆ చెత్త ఏరేవాడా? పాపం" అన్నాడు. కట్ట విప్పి రెండు పుటలు తిప్పి చూసి, వెనక గది తాళం తీశాడు. నేల నుంచి పైకప్పు దాకా పుస్తకాలు. వెళ్ళిపోతూ ఒక్కో కుటుంబం వదిలేసినవి. కిటికీ అద్దం పగిలి, వానకు ఒక మూల అంతా ముద్దయిపోయింది.

"అందరూ ఇక్కడే పడేసి పోతారు. నేను కూడా వచ్చే ఏడు కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నాను" అన్నాడు. "ఇక్కడ పెట్టమ్మా."

"ఇవి విడిగా ఉంచగలరా? ఆయన పేరు రాసి?"

"రాస్తాను" అన్నాడు. కలం కోసం జేబులు వెతుక్కుని, దొరక్క, తరవాత రాస్తానన్నాడు. నేను నా కలం ఇచ్చాను. ఆయన పై పుట మీద ఏదో రాశాడు. నేను చదవలేకపోయాను. ఆ కట్టను గుట్ట మీద పెట్టి తాళం వేశాడు.

డెబ్బైలు ముగిసేలోపు మా వైపు నుంచి సెలవు ముగించుకుని వచ్చిన ఒక నర్సు చేతిలో కొత్త కరపత్రం చూశాను. విజయవాడలో అచ్చయింది. మస్కట్‌లో ఒక యూదుడు రక్షణ పొందిన సాక్ష్యం. అందులో కాకా అరవై ఏళ్ళ కరడుగట్టిన మనిషి, ట్రంకులనిండా రహస్య ధర్మశాస్త్ర చుట్టలు దాచుకున్నవాడు, ఆఖరి ఘడియలో ఏడుస్తూ మోకాళ్ళ మీద పడినవాడు. కాలు తీసేసిన మనిషి మోకాళ్ళ మీద ఎలా పడతాడో రాసినవాళ్ళకు తట్టలేదు. తీపి అటుకుల గురించి లేదు, కుర్చీ తగాదా గురించి లేదు. శనివారం గానుగ లేదు. ఊరూరా పంచుతున్నారట. మళ్ళీ అచ్చు వేస్తున్నారట.

ఆ నర్సు నాకంటే చిన్నది. కాకాను ఎరగదు. నేను మెస్‌లో ఆమె ఎదురుగా కూర్చుని, ఇది ఇలా జరగలేదని, ఆయనకు అప్పటికి తెలివే లేదని, ఆయన దాచుకున్నవి పెళ్ళిపాటలూ తిట్ల కరపత్రాలూ అని మొదటి నుంచీ చెప్పాను. శ్రద్ధగానే విన్నది. అన్నం చల్లారిపోయినా లేవలేదు.

"పోనీలెండి అక్కా," అంది చివరకు, కరపత్రాన్ని సంచిలో జాగ్రత్తగా పెట్టుకుంటూ. "ఆయన గురించి మంచిమాటే కదా రాశారు."